లాడ్జీల పని పోయింది, కొవిడ్ సెంటర్ దుప్పట్లు ఉతకమంటున్నారు. ఒప్పుకోవచ్చా? (తిరుపతి)

కొర్లగుంట లాండ్రీ
2020 ఆగస్టు 23

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. లాడ్జీల దుప్పట్లు ఉతికే లాండ్రీ నాది. మా తాత, మా నాయన స్వర్ణముఖి ఏటి ఇసకలో బాన (పెద్ద కుండ) పెట్టి, ఉబ్బేసి, అంటే గుడ్డలు వేడికి ఉడకబెట్టి ఉతికినవాళ్ళు. నేను 2017 నవంబరులో నాలుగున్నర లక్షలు ముద్ర లోన్ తీసుకుని రేకుల షెడ్డులో రెండు పెద్ద వాషింగ్ మెషీన్లు, నీళ్ళు పిండే మెషీను ఒకటి పెట్టుకున్నాను. ఆరేసేది మాత్రం ఇప్పటికీ మిద్దె మీదే.

మా పని ఎలా నడిచేదో చెబితేగానీ నా ప్రశ్న అర్థం కాదు. లాక్‌డౌన్‌కు ముందు కొండకు రోజుకు అరవై డెబ్బై వేల మంది వచ్చేవాళ్ళు. కింద ఒక పూట రూము తీసుకుని స్నానం చేసి పైకి పోయేవాళ్ళు వాళ్ళలో ఎంతోమంది. ఒక రూము ఖాళీ అయితే దుప్పటి, రెండు దిండు గలీబులు, రెండు టవళ్ళు మాకు వస్తాయి. దుప్పటికి 8 రూపాయలు, గలీబుకు 3, టవలుకు 5. మావి ఏడు లాడ్జీలు, అన్నీ బస్టాండు, రైల్వే స్టేషను చుట్టుపక్కలే. మామూలు రోజు నాలుగైదు వందల దుప్పట్లు, శని ఆదివారాలు ఇంకా ఎక్కువ. నేను, నా భార్య, పనికి నలుగురు. ఎండాకాలం సెలవుల్లో అయితే అర్ధరాత్రి దాకా మెషీన్లు తిరిగేవి.

మార్చి 20 శుక్రవారం దర్శనం ఆపేశారు. ఆ రోజు మా షెడ్డులో ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టిన దుప్పట్లు 412 ఉన్నాయి. సాయంత్రం ఆటోలో వేసుకుని పోతే మొదటి లాడ్జీ గేటుకే తాళం. రెండో చోట కుర్రాడు, "ఎవరూ లేరన్నా, రూములన్నీ ఖాళీ, తీసుకుని ఏం చేయాలి" అన్నాడు. నాలుగు రోజులు ఆగి చూద్దామని అన్నీ వెనక్కి తెచ్చాను. తర్వాత ఉగాది రోజు నుంచి దేశమంతా మూసేశారు.

ఆ 412 దుప్పట్లు ఐదు నెలలుగా మా ఇంట్లోనే ఉన్నాయి. తెల్ల దుప్పటి మడతలోనే ఉంటే మడత గీత మీద పసుపు చార పడుతుంది. మే నెలలో ఒకసారి, జూన్ చివర ఒకసారి, మొన్న శ్రావణ శుక్రవారానికి ముందు ఒకసారి అన్నీ విప్పి మళ్ళీ ఉతికాను. వాటికి డబ్బులు ఎవరిస్తారని నా భార్య అడుగుతోంది. ఎవరూ ఇవ్వరు. ఇంకొకరి వస్తువు మన దగ్గర పాడైపోతే ఎలా? డెలివరీ ఇవ్వలేదు కాబట్టి వాటి బిల్లు రాలేదు, అంతకుముందు రెండు నెలల బిల్లులు కూడా రాలేదు. ఒక లాడ్జీ యజమాని ఒక్కడే 38 వేలు బాకీ. ఫోన్ చేస్తే, "నాకే కరెంటు బిల్లు కట్టడానికి లేదు" అంటాడు. అది నిజమే కావచ్చు, ఆయన మీద కోపం కూడా రావడం లేదు.

పనివాళ్ళలో ఒక అబ్బాయిది తమిళనాడులో గుడియాత్తం పక్క పల్లె. ఏప్రిల్‌లో ఊరికి పోతానని బయల్దేరితే బోర్డరు దగ్గర సైనగుంట రోడ్డుకు అడ్డంగా గోడ కట్టేసి ఉంది. తర్వాత దాన్ని తీసేశారు గానీ, ఆ రోజు వాడు వెనక్కి రాలేక ముందుకు పోలేక రాత్రంతా మామిడి తోపులో పడుకున్నాడు. ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు, పిలిస్తే వస్తాడు. మిగతా ముగ్గురికీ ఏప్రిల్, మే సగం జీతం ఇచ్చాను. జూన్‌లో రాష్ట్రం రజకులకు ఇచ్చిన చేదోడు కింద నాకు పడ్డ పదివేలు కూడా వాళ్ళకే పంచాను. జులై నుంచి ఇవ్వలేకపోతున్నాను. వాళ్ళు అడగడం మానేశారు, నాకు అదే ఎక్కువ బాధగా ఉంది.

జూన్ 11న దర్శనాలు మళ్ళీ మొదలైనప్పుడు ప్రాణం లేచి వచ్చింది. కానీ రోజుకు ఆరేడు వేల మందికే. వచ్చినవాళ్ళు కారులో వచ్చి దర్శనం చేసుకుని అదే కారులో పోతున్నారు, రూము తీసుకోవడానికి భయం. ఏడు లాడ్జీల్లో మూడు తెరిచాయి, మూడింటికీ కలిపి రోజుకు ముప్పై దుప్పట్లు. అంతలో జులై 21 నుంచి ఊరికి మళ్ళీ లాక్‌డౌన్, అంగళ్ళు పొద్దున 6 నుంచి 11 దాకే. ఉన్న ముప్పై కూడా పోయాయి. శ్రీనివాసం, విష్ణు నివాసం లాంటి యాత్రికుల వసతులే ఇప్పుడు కొవిడ్ కేర్ సెంటర్లు.

ఇప్పుడు అసలు సంగతి. డబ్బు కట్టి ఉండే కొవిడ్ కేర్ సెంటరుగా మారిన ఒక హోటల్ వాళ్ళు నన్ను పిలిచారు. దుప్పటికి 20, గలీబుకు 8 ఇస్తామన్నారు. రోజుకు నూటిరవై దాకా దుప్పట్లు. పాత లాండ్రీ వాళ్ళు భయపడి మానేశారట. లోన్ వాయిదా 9,784. వాయిదాలు కట్టకుండా ఆగడానికి ఇచ్చిన గడువు (మారటోరియం) ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఈ పని పట్టుకుంటే వాయిదా కట్టి ముగ్గురికి జీతం ఇవ్వగలను.

కానీ ఇంట్లో మా నాయనకు 68 ఏళ్ళు, షుగర్ ఉంది. మా పాప పరీక్షలు లేకుండానే పదో తరగతి పాసై ఇప్పుడు ఇంటర్ అంటోంది. షెడ్డు, ఇల్లు ఒకే ఆవరణలో ఉన్నాయి. వీధిలో తెలిస్తే ఆ నీళ్ళు మా కాలవలోకి వస్తాయని గొడవ చేస్తారు. నిన్న చవితి పూజ దగ్గర కూర్చున్నా నాకు ఇదే ఆలోచన.

ఆ దుప్పట్లు ఉతకడం ఎంత ప్రమాదం? జాగ్రత్తగా చేసే పద్ధతి ఏదైనా ఉందా? బ్యాంకు సంగతి తెలిసినవాళ్ళు కూడా చెప్పండి. ఆరు నెలలు కట్టనందుకు ఎంత పడుతుంది?

గాజు పలక
2020 ఆగస్టు 23

తమ్ముడూ, నాది గోవిందరాజస్వామి గుడి దగ్గర పటాల అంగడి. స్వామి పటాలు ఫ్రేము కట్టి కొండ మీద అంగళ్ళకు, ఇక్కడ అంగళ్ళకు హోల్‌సేల్ ఇస్తాను. నీ 412 దుప్పట్లు చదవగానే నా అటక గుర్తుకొచ్చింది. ఎండాకాలం సీజన్ కోసమని ఫిబ్రవరిలోనే తెచ్చిన గాజు, ఫ్రేముకు వాడే బీడింగు కట్టలు, ప్రింట్లు అన్నీ అలాగే ఉన్నాయి. ఏప్రిల్ అంతా ఇంట్లో కూర్చున్నాను. ముప్పై ఏళ్ళలో ఆ వీధిలో అంత నిశ్శబ్దం చూడలేదు. పొద్దున పాలకు పోతే గుడి గోపురం మీద పావురాల చప్పుడు వినిపించేది.

మే నెలలో మా వీధి మందుల షాపాయన వచ్చి, "అన్నా, కౌంటరుకు అడ్డంగా అద్దం లాంటిది ఏమైనా పెట్టగలవా" అని అడిగాడు. గాజు పెడితే బరువు, పగిలితే ప్రమాదం. పటాలకు గాజు బదులు వాడే ప్లాస్టిక్ షీటు నా దగ్గర పది పన్నెండు ఉన్నాయి. బీడింగుతోనే చట్రం కట్టి, కింద మందులు, డబ్బులు ఇచ్చి పుచ్చుకోవడానికి అరచేయంత సందు వదిలి బిగించాను. అది చూసి ఇంకో షాపు, తర్వాత ఒక చిట్‌ఫండ్ ఆఫీసు, ఒక డెంటల్ డాక్టరు అడిగారు. ఇప్పటికి నలభై పైన కట్టాను. స్వామి పటాలు కట్టిన చేత్తో ఇవా అని మొదట్లో మనసు ఒప్పుకోలేదు. కానీ చేతికి తెలిసిన పని అదే. పటం కట్టినా అది కట్టినా మూల కోత నలభై ఐదు డిగ్రీలే, అదే చిన్న మేకులే.

నీ చేతిలో ఉన్న పని ఉతుకు. ఊరికి ఇప్పుడు ఆ ఉతుకే కావాలి. జాగ్రత్తలు తెలిసినవాళ్ళను అడిగి చెయ్యి, ఎందుకు చేయకూడదు? వీధివాళ్ళకు మాత్రం ముందే నువ్వే చెప్పు. దాచి చేస్తే రేపు తెలిసినప్పుడు ఎవరూ నీ మాట వినరు.

మిట్టూరు
2020 ఆగస్టు 24

అన్నా, నేను చిత్తూరు నుంచి. వద్దనే చెబుతాను. మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను.

మా అన్న కారు డ్రైవరు. తిరుమల ట్రిప్పులే అతని బతుకు. ట్రిప్పులు ఆగిపోతే జూన్‌లో రాష్ట్రం డ్రైవర్లకు ఇచ్చిన వాహనమిత్ర పదివేలు వచ్చాయి, అది కారు ఫైనాన్సుకే పోయింది. జులైలో పేషెంట్లను టెస్టులకు తీసుకుపోయి తెచ్చే పని ఒకటి దొరికింది. మాస్కు పెట్టుకునేవాడు, కారు కడిగేవాడు, అన్నీ చేశాడు. అతనికి రెండు రోజులు జ్వరం వచ్చి తగ్గింది. మా నాయనకు తగ్గలేదు. పదకొండో రోజు పోయినాడు. అంత్యక్రియలకు మేము నలుగురమే పోయాము, మొహం కూడా సరిగా చూడలేదు. మా అన్న ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడడు. తప్పు నీది కాదని ఎంత చెప్పినా వినడు.

అందుకని మీరు చేసినా మీ నాయనను మాత్రం ఆ ఆవరణలో ఉంచకండి. చుట్టాల ఊరు ఏదైనా ఉంటే పంపండి. లోన్ వాయిదాదేముంది, ఆలస్యంగానైనా కట్టుకోవచ్చు.

వార్డు సిస్టర్
2020 ఆగస్టు 24

నేను చిత్తూరులో స్టాఫ్ నర్సును, ఐదు నెలలుగా కొవిడ్ డ్యూటీలో ఉన్నాను. పైన తమ్ముడు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అతను చెప్పిన మొదటి మాట నిజం, పెద్దాయన అక్కడ ఉండకూడదు. మిగతాది నాకు తెలిసినంత చెబుతాను.

ఈ జబ్బు ఎక్కువగా అంటుకునేది మనిషి నుంచి మనిషికి, దగ్గరగా ఉండి మాట్లాడినప్పుడు, దగ్గినప్పుడు. గుడ్డల వల్ల వచ్చే ప్రమాదం అంతకన్నా తక్కువ, కానీ లేదని అనుకోకూడదు. ఉతికేటప్పటికంటే ముందు, మాసిన దుప్పటిని ఎత్తి మూట కట్టేటప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి. మనకు అలవాటుగా దుప్పటి తీయగానే ఒకసారి దులుపుతాం చూడండి, అది అస్సలు చేయకూడదు. ఒంటికి ఆనించుకుని ఎత్తకూడదు. రూములోనే చుట్టి సంచిలో వేసి మూతి కట్టి ఇమ్మని హోటల్ వాళ్ళకు గట్టిగా చెప్పండి. వాళ్ళు మంచం మీద నుంచి లాగి మెట్ల మీద పడేసి మిమ్మల్ని ఏరుకోమంటే ఆ పని ఒప్పుకోకండి.

మీ దగ్గరికి వచ్చాక మందపాటి రబ్బరు గ్లౌజులు, మాస్కు, కళ్ళకు అద్దాలు, పొడుగు ఆప్రాన్, మూసిన బూట్లు ఉండాలి. మెషీనులో వేడినీళ్ళు వచ్చే ఏర్పాటు ఉంటే 60 నుంచి 90 డిగ్రీల మధ్య, మామూలు సబ్బు పొడితోనే చాలు. అలాంటి మెషీను లేకపోతే పెద్ద డ్రమ్ములో వేడి నీళ్ళు, సబ్బు వేసి కర్రతో తిప్పాలి, చేత్తో కాదు, నీళ్ళు చిమ్మకుండా. తర్వాత ఆ నీళ్ళు వంచేసి 0.05 శాతం క్లోరిన్ నీళ్ళలో అరగంట నానబెట్టాలి. బ్లీచింగ్ పౌడర్ మంచిదైతే 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది, కాబట్టి వంద లీటర్ల నీళ్ళకు 150 గ్రాములు సరిపోతుంది. ముందు బకెట్లో కలిపి, తేరిన నీళ్ళు డ్రమ్ములో పోయండి, లేకపోతే గుడ్డ మీద మచ్చలు పడతాయి. తర్వాత మంచి నీళ్ళలో జాడించి ఎండలో బాగా ఆరేయండి. బాత్రూం కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపకండి, దాని నుంచి వచ్చే గ్యాస్ ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం.

మాసినవి వచ్చే దారి, ఉతికినవి పోయే దారి వేరుగా ఉండాలి. ఆటో కూడా ఒకటే అయితే మాసినవి దించాక కడిగి ఆరాకే ఉతికినవి ఎక్కించండి. చివర్లో గ్లౌజులు తీసేటప్పుడే చాలామంది పొరపాటు చేస్తారు. పైభాగం ముట్టకుండా లోపలి నుంచి తిప్పి తీసి, సబ్బుతో చేతులు కడుక్కుని, షెడ్డులోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంట్లోకి పోండి. ఎవరికి జ్వరం వచ్చినా ఆ రోజే టెస్టు.

మేం రోజూ ఆ దుప్పట్ల మధ్యే తిరుగుతున్నాం అన్నా. ఉతికేవాళ్ళు లేక ఒక వారం మా దగ్గర ఎంత ఇబ్బంది అయిందో నాకు తెలుసు. ఉతికిన దుప్పటి ఇచ్చినప్పుడు పేషెంటు ముఖంలో చిన్న నెమ్మది కనిపిస్తుంది, అది కూడా మీకు చెప్పాలనిపించింది.

పాత క్యాషియరు
2020 ఆగస్టు 25

బాబూ, బ్యాంకులో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. నీ లెక్క నేను వేసి చూశాను. నాలుగున్నర లక్షలు, అయిదేళ్ళు, నీ వాయిదాను బట్టి వడ్డీ 11 శాతం ఉండాలి. ఫిబ్రవరి దాకా 27 వాయిదాలు కట్టి ఉంటే ఇంకా అసలు సుమారు 2,77,500. ఆరు నెలల మారటోరియంలో వడ్డీ ఆగదు. చాలామంది మాఫీ అనుకున్నారు, అది వాయిదా మాత్రమే. ఆ వడ్డీ సుమారు 15,600 అసలులో కలిసి 2,93,000 చిల్లర అవుతుంది. అదే వాయిదా కట్టుకుంటూ పోతే మిగిలిన 33 బదులు 35 దాటి కట్టాలి. అంటే ఆలస్యమైన ఆరు నెలలు కాక ఇంకో రెండు నెలలు అదనం. పెద్ద కొండేమీ కాదు, భయపడకు.

కేంద్రం గ్యారంటీ మీద ఇస్తున్న అత్యవసర రుణం ఒకటి ఉంది. ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బాకీలో 20 శాతం ఇస్తారు. నీకు 55 వేలు వస్తాయి. తాకట్టు అడగరు, బ్యాంకులో వడ్డీ 9.25 శాతం మించదు, నాలుగేళ్ళ గడువు, మొదటి ఏడాది వడ్డీ మాత్రమే. అంటే నెలకు 430 రూపాయల లోపు, తర్వాత మూడేళ్ళు నెలకు 1,770 దాకా. ముద్ర లోన్ ఉన్నవాళ్ళకూ ఇస్తారు. ఫిబ్రవరిలో నీ ఖాతా బాకీలు లేకుండా ఉంది కదా, అడుగు. వాయిదా మొత్తం తగ్గించి గడువు పెంచే ఏర్పాటు కూడా రిజర్వు బ్యాంకు ఈ నెల 6న చిన్న పరిశ్రమలకు మళ్ళీ అనుమతించింది, కానీ పని దొరుకుతున్నప్పుడు దాని జోలికి పోకు. గడువు పెరిగితే వడ్డీ పెరుగుతుంది.

చిన్న పరిశ్రమలకు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ జులై 1 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా చేస్తున్నారు, ముందు అది చేయించు. ఏప్రిల్, మే, జూన్ కరెంటు ఫిక్స్‌డ్ ఛార్జీలు చిన్న పరిశ్రమలకు రాష్ట్రం మాఫీ చేసింది. నీ మీటరు ఏ కేటగిరీలో ఉందో బిల్లు మీద చూసుకో. మీవాళ్ళలో బండి మీద ఇస్త్రీ చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే వీధి వ్యాపారులకు ఇచ్చే స్వనిధి లోన్ కింద పదివేలు ఇస్తున్నారని చెప్పు, అందులో లాండ్రీ పని కూడా ఉంది. బయట రోజువారీ వడ్డీకి మాత్రం పోవద్దు. ఈ ఐదు నెలల్లో ఎన్ని కుటుంబాలు అలా మునిగాయో చూస్తున్నాను.

కొర్లగుంట లాండ్రీ
2020 ఆగస్టు 26

అందరికీ చాలా రుణపడి ఉన్నాను. మిట్టూరు తమ్ముడూ, మీ నాయన సంగతి మా ఇంట్లో చదివి వినిపించాను. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మీ అన్నను ఒంటరిగా వదలకండి.

సిస్టర్ గారు చెప్పిన పద్ధతి మా నాయనకు ఒక్కొక్క మాటగా చెబుతుంటే మధ్యలో ఆపి, "ఇది ఉబ్బ కదరా" అన్నాడు. వేడి నీళ్ళు, కర్రతో తిప్పడం, చెయ్యి పెట్టకపోవడం, ఎండలో ఆరేయడం. ఆయన చిన్నప్పుడు అమ్మవారు పోసిన ఇళ్ళ గుడ్డలు మా తాతే ఉతికేవాడట. వాటిని మిగతా వాటిలో కలపకుండా వేపాకు వేసి విడిగా ఉడకబెట్టేవాడు, అవి ఆరిందాకా ఇంట్లో పిల్లలను ముట్టనిచ్చేవాడు కాదు. మా మెషీన్లలో వేడినీళ్ళు రావు, వాటికి హీటరు పెట్టించాలంటే ఖర్చు. కానీ పాత రాగి కాగులు రెండు వెనక గోడ దగ్గర బోర్లించి ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా వాటిలో నీళ్ళే పోయలేదు. నిన్న సాయంత్రం చింతపండు పెట్టి తోమాము.

నాయనను ఏర్పేడు దగ్గర మా చిన్నాయన ఇంటికి పంపుతున్నాను. పోనంటాడు, పోవాలి. పోయే ముందు ఒక పని చేసిపెడతానన్నాడు. మా వృత్తిలో ఒక్కో లాడ్జీకి ఒక్కో గుర్తు ఉంటుంది. దుప్పటి మూలన నల్లజీడి రసంతో వేస్తాం. ఒకరికి గీత మీద రెండు చుక్కలు, ఒకరికి చిన్న కొక్కెం, ఇలా. ఎన్ని ఉతుకులైనా ఆ గుర్తు పోదు. ఈ హోటల్ దుప్పట్లకు ఇంతవరకు ఎవరికీ వేయని కొత్త గుర్తు వేస్తాడట, పొరపాటున కూడా వేరే వాటిలో కలవకుండా.

వీధిలో రేపు చెబుతాను. పటాలన్నా, మీరన్నట్టు ముందే చెప్పడమే మంచిది.

కొర్లగుంట లాండ్రీ
2021 జనవరి 5

మళ్ళీ రాస్తానని చెప్పి నాలుగు నెలలు రాయలేదు, క్షమించండి. ఏమైందని ఇద్దరు ముగ్గురు అడిగారు.

సెప్టెంబరు 2 నుంచి ఆ పని మొదలుపెట్టాను. వీధిలో మొదటి రోజు గొడవే. ఎదురింటి పెద్దాయన కుర్చీ వేసుకుని కూర్చుని ఉబ్బ పెట్టడం చూశాడు, నీళ్ళు కాలవలోకి పోకుండా వెనక గుంత తవ్వి అందులోకి వదలడం చూశాడు. మూడో రోజు కుర్చీ తీసేశాడు. ఒక ఇల్లు మాత్రం ఇప్పటికీ మాతో మాట్లాడదు. వాళ్ళ కోడలు అప్పుడు కడుపుతో ఉంది, వాళ్ళ భయాన్ని నేను తప్పుపట్టను.

పనికి నేను, నా భార్య, ఇద్దరు. గుడియాత్తం అబ్బాయి పిలవగానే వచ్చాడు. గ్లౌజులు వేసుకుని వేడి కాగు దగ్గర నిలబడితే మోచేతుల దాకా చెమటతో నానిపోయేవి. సాయంత్రం తీస్తే వేళ్ళు ముడతలు పడి తెల్లగా ఉండేవి. సిస్టర్ గారూ, మీరు రోజంతా ఆ డ్రెస్సులో ఎలా ఉంటారో అప్పుడు అర్థమైంది. అక్టోబరులో నా భార్యకు జ్వరం వస్తే ఆ రోజే టెస్టు చేయించాం. నెగిటివ్. ఆ ఫలితం వచ్చేదాకా ఒకటిన్నర రోజు నేను పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

బ్యాంకులో 55 వేలు ఇచ్చారు. జీతాల బాకీలు మొదట తీర్చాను, మిగిలినదానితో ఒక మెషీనుకు హీటరు పెట్టించాను. సెప్టెంబరు నుంచి వాయిదా ఒక్కటీ ఆగలేదు. నవంబరు మొదట్లో మారటోరియం వడ్డీ మీద పడిన వడ్డీ అని ఖాతాలో 353 రూపాయలు పడ్డాయి. క్యాషియరు గారికి ఫోన్ చేద్దామంటే నంబరు లేదు. అది చక్రవడ్డీకి, మామూలు వడ్డీకి ఉన్న తేడా అని బ్యాంకులో చెప్పారు.

ఈసారి అధిక మాసం వచ్చింది కాబట్టి రెండు బ్రహ్మోత్సవాలు. మామూలుగా అయితే మాకు నిద్ర ఉండేది కాదు. రెండూ గుడి లోపల ఏకాంతంగా జరిగాయి. గరుడ సేవ రోజు రాత్రి మేము ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. నాకు ఊహ తెలిశాక గరుడ సేవ రోజు పని లేకుండా కూర్చోవడం అదే మొదటిసారి.

వైకుంఠ ఏకాదశికి ఈసారి ద్వారం పది రోజులు తెరిచి ఉంచారు కదా, డిసెంబరు 25 నుంచి జనవరి 3 దాకా. 24 సాయంత్రం ఒక లాడ్జీ నుంచి ఫోన్ వచ్చింది, "మా దుప్పట్లు ఇంకా ఉన్నాయా?" అని. ఉన్నాయన్నాను. ఆరుగురి దుప్పట్లు ఆ పది రోజుల్లో ఒక్కొక్కరికీ అప్పజెప్పాను. మార్చిలో తాళం వేసి ఉన్న గేటు దగ్గరే ఆటో ఆపి దించుతుంటే మేనేజరు ఒక దుప్పటి విప్పి మడత గీత చూశాడు. చార లేదు. ఏమీ అనలేదు, లోపలికి పోయి పాత బిల్లులో సగం తెచ్చి ఇచ్చాడు. ఇప్పుడు రోజుకు నూట యాభై దాకా వస్తున్నాయి. మునుపటి లెక్కలో సగం కూడా కాదు. హోటల్ పని నవంబరు చివరితో అయిపోయింది, వాళ్ళకు పేషెంట్లు తగ్గారు. నాయన పది రోజుల కిందట ఇంటికి వచ్చాడు.

ఏడో లాడ్జీ మళ్ళీ తెరవలేదు. 38 వేలు ఇవ్వాల్సినాయన లాడ్జీ అదే. బోర్డు కూడా తీసేశారు, ఫోన్ పోవడం లేదు. వాళ్ళ దుప్పట్లు 66 మా అరలో ఉన్నాయి, మూలన మూడు చుక్కల గుర్తుతో. కొత్తగా తెరిచిన ఒకాయన వాటిని చూసి కొంటానన్నాడు, బాకీలో జమ చేసుకో, తప్పేముందన్నాడు. నా భార్య కూడా అదే అంటోంది. నాయన మాత్రం గుర్తున్న గుడ్డ అమ్మకూడదంటాడు. ఆ లాడ్జీ యజమాని సొంతూరు పాకాల పక్కన అని ఎవరో చెప్పారు. సంక్రాంతి అయ్యాక ఒకసారి పోయి, మనిషి ఎలా ఉన్నాడో చూసి, దుప్పట్ల సంగతి అడిగి వస్తాను.